రెండు నాబ్‌ల కాగితం

"పొయ్యి కట్టేసి ఇలా రా! ఇక్కడ పాట చచ్చిపోతోంది" అని మొగుడు ముందుగదిలోంచి కేకేశాడు.

ఆ ముందుగదే వాళ్ళ రికార్డింగ్ స్టూడియో. ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వెళ్ళేసరికి, అద్దం అవతల పాట పాడే పెద్దావిడ దిగాలుగా కూర్చుని ఉంది. మొగుడు కంప్రెసర్ మీద రెండు నాబ్‌లూ ఎప్పటిలాగే మరీ వేగంగా పెట్టాడు. గొంతు హెచ్చినప్పుడు అదుపులో పెట్టే పాత పెట్టె అది. ఎంత త్వరగా పట్టుకోవాలో మొదటి నాబ్ చూసుకుంటుంది, ఎంత నెమ్మదిగా వదలాలో రెండోది. ఈయన పెట్టినదానికి మాట పైకి రాకముందే నొక్కేస్తోంది, వదిలినప్పుడల్లా ఊపిరి గుప్పుమంటోంది. ఎన్నిసార్లు చెప్పిందో! వింటే కదా.

ఆమె కళ్ళు మూసుకుంది. మొదటిది కాస్త వెనక్కి తిప్పింది. మాటలో మొదటి అక్షరాన్ని బయటికి రానిచ్చి, ఆ తర్వాత పట్టుకోవాలి. రెండోది ఇంకా నెమ్మదిగా, నిద్రపోయిన పిల్ల తలకింద నుంచి చెయ్యి తీసినట్టు. పల్లవి మళ్ళీ మొదలైంది.

"అబ్బ, ఇదీ నా గొంతంటే! ఏం చేశావు బాబూ?" అని పెద్దావిడ మురిసిపోయింది.

"అనుభవం అమ్మా, అనుభవం!" అన్నాడాయన.

పదిహేడేళ్ళుగా ఆ అనుభవం ఆయనదే. "వాడు చెమటోడుస్తుంటే ఈవిడ పక్కన కూర్చుని బొత్తాలు తిప్పుకుంటుంది" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆమె నవ్వి ఊరుకుంటుంది. అలసటంటే నడుంనొప్పేననుకుంది ఇన్నాళ్ళూ. కాదు, తను చేసిన పని తనది కాదన్నట్టు నవ్వుతూ నిలబడటమే అసలు అలసట.

ఆ పెట్టె దేన్నీ గుర్తుపెట్టుకోదు. అందుకే కాగితం మీద రెండు గుండ్రాలు గీసి, నాబ్‌ల ముల్లు ఎటుందో గుర్తుపెట్టి, పైన సౌండు ఇంజనీరు పేరు రాసి దాచుకుంటారు. అలాంటివి వందల కాగితాలు గీసిందామె. అన్నిటిమీదా ఆయన పేరే రాసింది, తన చేత్తోనే.

"ఆల్బమ్ అట్టమీదికి పేర్లు రాసుకో. సౌండు దగ్గర నా పేరు" అన్నాడాయన.

"మరి నాది?"

ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

"నీదెందుకే? రెండు నాబ్‌లు తిప్పడం కూడా ఓ పనేనా! వెళ్ళి టీ పెట్టు. తాగాక చరణాలు రికార్డు చేసేద్దాం" అని బయటికెళ్ళాడు.

ఒళ్ళు మండిపోయింది. కాగితం తీసి రెండు గుండ్రాలు గీసింది, ముళ్ళు గుర్తుపెట్టింది. పైన మొదటిసారి తన పేరు రాసి, మడిచి దాచుకుంది. ఆ తర్వాత రెండు నాబ్‌లూ సున్నాకి తిప్పేసి టీ పెట్టడానికి వెళ్ళింది.

వసారాలోకి వచ్చి కూర్చున్న పెద్దావిడకి కప్పు అందించి, తన కప్పు తీసుకుని, వచ్చినవాళ్ళు కూర్చునే సోఫాలో మొదటిసారి కూర్చుంది. అప్పుడే స్టూడియోలోకి తిరిగొచ్చిన మొగుడి కేక వినిపించింది.

"ఏమేవ్! నాబ్‌లు సున్నాలో ఉన్నాయేంటి? కాగితమేదీ? ఆవిడ గొంతు మళ్ళీ అలా ఎలా వస్తుందిప్పుడు?"

పెద్దావిడ కప్పు దించి ఆమె వైపు చూసింది. ఆమె టీ ఒక గుక్క తాగింది.

"రెండు నాబ్‌లేగా, మీరే తిప్పండి."