మా ఇంటి శాకాహారపు ట్రిగ్గర్‌ఫిష్

రామచంద్రపురం బజారులో మా స్టీలు సామాన్ల కొట్టుకు వచ్చేవాళ్లలో సగం మంది నా కబుర్ల కోసమే వచ్చేవాళ్లు. కిందటేడు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ సర్దుకున్నాయి గానీ నాలుక మొరాయించింది. అన్నిటికంటే ఎక్కువగా నన్ను ఏడిపించింది మా ఆవిడ పేరు. మా వీధిలో మగవాళ్లంతా పెళ్లాలను ‘ఏమే’ అని పిలుస్తుంటే, నేను మాత్రం నాగరత్నం అని నోరారా పిలిచేవాణ్ని. ఆ పేరు కాస్తా ‘నా…’ దగ్గరే ఆగిపోయేది. సిగ్గేసి మనుషులతో మాట్లాడటమే మానేశాను.

నా మేనల్లుడు ఉదయ్‌భాస్కర్‌కు రాజమండ్రిలో అక్వేరియం షాపు ఉంది. నాకు పొద్దుపోతుందని మా ముందుగదిలో ఉప్పునీళ్ల తొట్టె పెట్టి అందులో ఒక చేపను వదిలాడు. నల్లటి ఒళ్లు, పొట్ట మీద తెల్లటి గుండ్రటి మచ్చలు, పసుపు పూసినట్టు మూతి.

“ట్రిగ్గర్‌ఫిష్ అండి మావయ్యగారూ. సముద్రంలో పగడపు దిబ్బల మధ్య ఉంటుంది. ఏం పెట్టినా తినేస్తుందండి,” అన్నాడు.

అది మహా గడుగ్గాయి. నేను పేర్చిన రాళ్లను నోటితో లాగి తనకు నచ్చినచోట పెట్టుకునేది. మేత ఆలస్యమైతే పైకి వచ్చి నా మొహాన నీళ్లు ఊసేది. బెదిరిందంటే రాతిసందులో దూరి, వీపు మీది ముల్లు నిలబెట్టి బిగుసుకుపోయేది. పైగా దానికి గొంతు కూడా ఉంది, టక్ టక్ మంటుంది. దానికి వచ్చినట్టు అది, నాకు వచ్చినట్టు నేను మాట్లాడుకునేవాళ్లం. తలుపు దగ్గరగా వేసుకుని రోజూ దాని ముందు ‘నా…గ…’ అంటూ సాధన చేశాను.

మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. నాగరత్నం నిష్ఠ అంత గట్టిది. అందుకని చేపకూ మా తిండే అలవాటు చేశాం. ఉడకబెట్టిన పాలకూర, నానబెట్టిన పెసలు పెట్టాం. మొదట్లో తినేది. తర్వాత నోట్లో పెట్టుకుని వదిలేసేది. చివరికి మేత వైపే రాలేదు. పొట్ట లోపలికి పోయింది. టక్‌మనడం కూడా మానేసింది.

వీడియోకాల్‌లో దాన్ని చూపిస్తే ఉదయ్‌భాస్కర్ తల పట్టుకున్నాడు.

“పాలకూరేంటండి బాబూ! దాని పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయండి. పెంకులు కొరికితేనే అరుగుతాయి. చూడండి, మూతి కూడా మూసుకోవట్లేదు. ఆల్చిప్పలు పెట్టకపోతే ఇక దక్కదండి.”

ఆల్చిప్పలు, మా ఇంట్లో! నాగరత్నాన్ని ఆ మాట ఎలా అడగను? అడగడానికి నోరు కూడా లేదాయె. తొట్టె ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మర్నాడు పొద్దున వీధిలోంచి కేక వినిపించింది. “ఇదిగో సుబ్బాయమ్మా, ఒక్కసారి ఆగు!” చేపల గంపను మా వీధిలో ఎవరూ ఆపరు. ఆపింది ఎవరా అని చూస్తే నాగరత్నం!

సుబ్బాయమ్మ నమ్మలేనట్టు చూసింది. “నన్నేనాండి అమ్మగారూ?”

“నిన్నే. లోపల ఒకడు పళ్లు పెరిగిపోయి తిండి మానేశాడు. ఆల్చిప్పలున్నాయా?”

“బుల్లిబాబుగారికాండి!” అని సుబ్బాయమ్మ నోరు నొక్కుకుంది. బుల్లిబాబు అంటే నేనే.

నాగరత్నం నవ్వాపుకుంటూ ఆమెను లోపలికి పిలిచి చేపను చూపించింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. సుబ్బాయమ్మ కాస్త తెరిచి ఇచ్చిన ఆల్చిప్పను రెండు వేళ్లతో పట్టుకుని, “తల్లీ వాసవీ, క్షమించు,” అంటూ తొట్టెలో వదిలింది. చేప కదల్లేదు. ముగ్గురం తొట్టె మీదికి వంగాం. కాసేపటికి అది రాతిసందులోంచి వచ్చి, చిప్ప చుట్టూ తిరిగి కొరికింది. జారిపోయింది. మళ్లీ కొరికింది. ఈసారి టక్‌మంది.

సుబ్బాయమ్మ వెళ్లాక నాగరత్నం తలస్నానం చేసి తడిజుట్టుతో వచ్చింది. ఇంత పని ఎందుకు చేశావన్నట్టు చూశాను.

“తలుపేసుకుంటే వినపడదనుకున్నారా? రోజూ దాని దగ్గర నా పేరు నేర్చుకుంటున్నారుగా,” అంది. “అది పోతే మీరు మళ్లీ నోరు కట్టేసుకుంటారు. అప్పుడు నన్నెవరు పిలుస్తారండి?”

ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో, ఈ మనిషి నాకు దొరికింది. ఇన్నాళ్లూ చేప ముందు తప్ప విప్పని నోరు ఆవిడ ముందు విప్పాను.

“నా…గ…రత్నం.”

ముక్కలుగానే అయినా పూర్తిగా వచ్చింది. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని, “ఏంటండి, వినపడలేదు. మళ్లీ పిలవండి,” అంది.