చూడని గడి

అడిగి అడిగి గొంతు అరిగిపోయాక వచ్చింది ఆ కళ్లజోడు. అది పెట్టుకుంటే డాక్టరు చూపు కంప్యూటర్ తెర మీద ఎక్కడ పడితే అక్కడ చుక్క పడుతుంది. దాన్ని కిసీ ఊళ్లోని ఆ ఆస్పత్రికి రప్పించింది డాక్టర్ కెరుబోనే. రోగికి పడని మందు పేరు తెరలో అట్టడుగున, ఓ మూల గడిలో దాక్కుంటుంది. దాన్ని పైకి తెమ్మని ఆమె పోరు. అక్కడ ఎవరి చూపూ పడదని ఆ చుక్కలే రుజువు చేస్తాయని ఆమె ఆశ. రోగులు తెచ్చుకునే నోటుపుస్తకంలో నర్సులు ఎర్ర సిరాతో రాసిందే డాక్టర్లు చూస్తారు, తెర మొహం ఎవడు చూస్తాడు! మూడు నెలల కిందట ఓంబాతి తాత పుస్తకం మరిచిపోయి వచ్చాడు. కెరుబో ఆయనకు పడని పెన్సిలిన్ రాసేసింది. ముసలాయన చావు తప్పి బయటపడ్డాడు. విచారణ ఇంకా తేలలేదు.

కళ్లజోళ్లు తెచ్చిన పరిశోధకుడు న్యామ్వేయా లాప్‌టాప్ ఇటు తిప్పాడు.

"భేష్ డాక్టర్ గారూ! అందరి చుక్కలూ ఆ మూల గడి మీదే. మీదైతే నాలుగు సెకన్లు! గడి మార్చక్కర్లేదని రాసేస్తాను."

కెరుబోకి ఒళ్లు మండిపోయింది. "నువ్వు చూస్తున్నావని చూశాం నాయనా! ఇన్‌స్పెక్టరొస్తే బళ్లో పిల్లలు చేతులు కట్టుకు కూర్చోరూ? మేమూ అంతే!"

టీలో మందాజీ బూరె ముంచుకుంటున్న డాక్టర్ ఒందియెకి కిసుక్కున నవ్వాడు. "నేనైతే ముందు దాన్నే వెతికానక్కా. పరీక్ష అనుకున్నా."

"నవ్వకు, నీ మొహం! మళ్లీ కొలతలు తీయవయ్యా న్యామ్వేయా."

"కుదరదండీ, కళ్లజోళ్లు రేపు నైరోబీ వెళ్లిపోతాయి. ఒక్కటే దారి. మామూలు రోజుల్లో ఆ గడి చూసే అలవాటు లేదని మీరిద్దరూ రాసి సంతకం పెట్టండి. నివేదికకి జతచేస్తాను."

ఒందియెకి నవ్వు ఆపేశాడు. "వద్దక్కా! తాత విచారణలో అదే నీ మెడకు చుట్టుకుంటుంది. నేను మాత్రం పెట్టను బాబూ, పిల్లలు గలవాణ్ణి."

కెరుబోకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. పెడితే ఉద్యోగం పోవచ్చు. పెట్టకపోతే గడి ఆ మూలే పడి ఉంటుంది, పుస్తకం మరిచిపోయే ముసలాళ్లు రేపూ వస్తారు.

విసురుగా కాగితం లాక్కుంది.

"మామూలు రోజుల్లో నేను ఆ గడి చూడను. ఓంబాతి గారు వచ్చిన రోజూ చూడలేదు."

రెండో మాట ఆమెను ఎవరూ అడగలేదు. దాని కిందే సంతకం పెట్టింది.