తొమ్మిదో ప్రశ్న

ఇడ్లీ పిండి రుబ్బి చేతులు కడుక్కున్నాక నాగేశ్వరికి మిగిలే పని తుపాకీ తుడవడం. మొగుడు సూర్యప్రకాశరావు ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాత బంగళా దగ్గర రాత్రి డ్యూటీ గన్‌మన్. పదిహేనేళ్ళు మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. పొద్దున్నే యూసుఫ్‌గూడలోని రెండు గదుల ఇంటికి వచ్చి, తన డబుల్ బ్యారెల్ తుపాకీని మంచం కిందికి తోసి పడుకుంటాడు. దాన్ని తుడిచి నూనె పట్టించేదెవరో, యూనిఫాం ఇస్త్రీ చేసేదెవరో ఆలోచించిన పాపాన పోలేదు.

"తుపాకీ చూసి జడుసుకునే ఆడాళ్ళనే చూశాను. నువ్వు ఎంత బాగా తుడిచావే!" అని మూడేళ్ళ కిందట ఒకసారి మెచ్చుకున్నాడు. పన్నెండేళ్ళ కాపురంలో మెచ్చుకోలంటే అదొక్కటే. ఆ రోజు నుంచి అది ఆమె పనైపోయింది.

పోయిన మంగళవారం తుపాకీ తెరిచి చూస్తే రెండు గొట్టాల్లోనూ తూటాలున్నాయి. ఆరేళ్ళ కూతురు లీల అప్పుడే ఆ మంచం కింద దూరి బంతి తెచ్చుకుంది. నాగేశ్వరి నోట కేక రావాలి. రాలేదు. తూటాలు తీసి పోపుల డబ్బా వెనకాల పెట్టి, పిండిగిన్నె మీద మూత సరిచేసింది. భయం కూడా వెయ్యనంతగా తను ఎప్పుడు మొద్దుబారిపోయిందో ఆమెకి గుర్తు రాలేదు.

ఆయన లేచాక తూటాలు చేతిలో పెట్టి చెప్పింది.

"ఏడిశావ్. మిలిటరీవాడికి తుపాకీ సంగతి నేర్పుతావా? వెళ్ళి కాఫీ పట్రా."

శుక్రవారం మళ్ళీ ఒక గొట్టంలో తూటా ఉంది. ఈసారి ఆమె దాన్ని తీసి ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టింది. ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు.

ఈ ఏడు సెక్యూరిటీ కంపెనీ కొత్త రూలు పెట్టింది. గన్‌మన్లంతా మూడు రోజుల శిక్షణ తీసుకోవాలి, గురి చూసి కాల్చాలి, పది ప్రశ్నలకు జవాబులు రాయాలి. అప్పుడే సర్టిఫికెట్. శిక్షణ అయింది, కాల్పుల్లో ఈయన గురి ఒక్కటీ తప్పలేదు. ప్రశ్నపత్రం మటుకు, శిక్షణలో ఇచ్చిన పుస్తకం చూసి ఇంటి దగ్గర రాసుకోవచ్చన్నారు. ఆదివారం పొద్దున సూపర్‌వైజర్ వెంకటనర్సయ్య తెచ్చి ఇచ్చాడు.

"అన్నా, జర సాఫ్‌గ రాయి. పెద్దసారు ఒక్క ముక్క ఇడువకుంట చదువుతడు. సర్టిఫికెట్ లేకుంటే రేపటి సంది డ్యూటీ లేదు. సాయంత్రం వచ్చి తీస్కపోత."

వెంకటనర్సయ్య గుమ్మం దిగాడో లేదో సూర్యప్రకాశరావు కాగితం అడుగున సంతకం గీకేశాడు. "పైన నువ్వు రాసెయ్. నీ దస్తూరీ బాగుంటుంది" అని ముసుగు తన్నాడు.

పప్పు పొయ్యి మీద పెట్టి ఆమె రాయడానికి కూర్చుంది. ఎనిమిది జవాబులు చకచకా అయిపోయాయి. తొమ్మిదో ప్రశ్న: డ్యూటీ దిగిన తరువాత తుపాకీని మీరు ఏమి చేస్తారు?

పుస్తకంలోని జవాబు ఆమెకి కంఠతా వచ్చు. తెరిచి తూటాలు తీయాలి, లెక్క చూసుకోవాలి, తాళం వేసి దాచాలి. కలం మాత్రం కదల్లేదు. ఇంకోలా రాస్తే ఉద్యోగం పోతుంది. "నోటి దగ్గర కూడు తీశావు కదే" అంటాడు. అత్తగారు తణుకు నుంచి ఉత్తరం రాస్తుంది. ఇవన్నీ ఆమెకి తెలుసు. లీల బంతి దొర్లుకుంటూ మళ్ళీ మంచం కిందికి పోయింది. పిల్ల వంగింది.

"ఆగు" అని తనే వెళ్ళి తీసి ఇచ్చింది. తిరిగొచ్చి రాసింది.

"తూటాలు తీయను. అలాగే మంచం కింద పెడతాను. నా భార్య నాగేశ్వరి తీస్తుంది. ఈ వారంలో రెండుసార్లు తీసింది. ఆ మంచం కింద మా పాప ఆడుకుంటుంది."

కింద ఆయన సంతకం సిద్ధంగానే ఉంది.

సాయంత్రం వెంకటనర్సయ్య వచ్చాడు. "అన్న రాసిండా వదినా?"

"లేదు, నేనే రాశాను" అంది నాగేశ్వరి. "తొమ్మిదోది మాత్రం సార్ని రెండుసార్లు చదవమని చెప్పు."