తప్పిన నెల

అడై అట్ల పిండిలో మిరపకాయలు ఎక్కువయ్యాయని అత్త గోవిందమ్మాళ్ అంటున్నప్పుడు చారులత వంటింటి కిటికీలోంచి ఆకాశం చూస్తోంది. ఆరున్నర. పీళమేడు పేట మేడల వెనక చంద్రుడు ఈపాటికి లేచే ఉంటాడు.

"పిండి చూస్తా ఉండావా, ఆకాశం చూస్తా ఉండావా?"

"రెండూ, అత్తా."

పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో నూట పదకొండు పున్నములు వచ్చాయి. ఫిజిక్స్ చదివిన పిల్ల కాబట్టి లెక్క సరిగ్గానే వేసుకుంది. ప్రతి పున్నమికీ అత్త ఆమె చేత చంద్రుడికి పాలు చూపించి, కొంగు పట్టించి, బిడ్డను అడిగిస్తుంది. చంద్రుడు ఇంతవరకు పలకలేదు. ఇరవై ఏడుగురు పెళ్ళాలున్నవాడికి ఇంకొకరింటి గొడవ వినే తీరిక ఎక్కడిది?

అడిగీ అడిగీ చారులతకు ఒక కోరిక పుట్టింది. ఒక్కసారి ఏమీ అడక్కుండా, ఊరికే చూడ్డానికి మేడెక్కాలి. చూసింది తనకంటూ ఒక బొమ్మగా మిగుల్చుకోవాలి. చెల్లెలు వాడి వదిలేసిన కెమెరా తెచ్చుకుంది. పోయిన పున్నమికి చుట్టాలొచ్చారు. అంతకు ముందుది మొగుడి చొక్కాల ఇస్త్రీలో పోయింది. వచ్చేది ఐప్పసి మాసం, ఇక వానలే. ఈ రోజు ఒక్కటి దక్కాలి. అదీ దక్కకపోతే ఈ ఇంట్లో తను ఉందనడానికి తనకే సాక్ష్యం లేనట్టుంది. ఆ మాట పైకి అంటే, ఒక ఫోటోకా ఇంత అంటారు. అందుకే అనదు.

పూజ ముగియగానే "పది నిమిషాలు, అత్తా" అని మెట్లెక్కింది. కందిపప్పు సంచిని పిట్టగోడ మీద పెట్టి, దాని మీద కెమెరా ఆనించి నొక్కింది. తెర మీద నల్లటి పళ్ళెంలో ఇడ్లీ. మళ్ళీ నొక్కింది. ఇంకో ఇడ్లీ, కాస్త కదిలింది. చుట్టూ చీకటి చూసి కెమెరా కంగారుపడి వెలుగంతా తాగేస్తోంది. చంద్రుడేమో ఎండలో నిలబడ్డవాడు. ఆ సంగతి ఆమెకు తట్టి, వెలుగు తగ్గించే చక్రం మీద వేలు పెట్టేసరికి కింది నుంచి కేక.

"చారూ! అడై మాడతా ఉండాది! ప్రభాకరన్ వచ్చే వేళాయె!"

అత్త పెనం పక్కనే నిలబడి అరుస్తోంది. తిప్పడానికి మాత్రం కోడలు దిగి రావాలి. చారులత దిగి ఆరు అడైలు కాల్చి, మళ్ళీ పరుగున పైకెళ్ళింది. పడమటి నుంచి మబ్బొకటి వచ్చి చంద్రుడి మీద తీరిగ్గా కూర్చుని ఉంది. ఆమె నిలబడింది. మబ్బు లేవలేదు. కిందికి వచ్చి, ఎవరితోనూ కాకుండా అంది.

"ఈ నెలా తప్పింది."

వాళ్ళ ఇళ్ళలో చంద్రుణ్ణి నెల అనే అంటారు. ఎన్నో తరాల కిందట ఈ అరవనాటికి వచ్చిన తెలుగువాళ్ళు మూటగట్టుకొచ్చిన పాతమాట. ముప్పై రోజుల నెలకూ అదే మాట.

గోవిందమ్మాళ్ చేతిలో గరిటె ఆగింది. "ఏమంటివి? తప్పిందా?"

"తప్పింది, అత్తా. ఎంత కాచుకున్నా..." కళ్ళ నీళ్ళు ఆగలేదు.

ఆ నీళ్ళను అత్త తనకు కావలసినట్టు చదువుకుంది. "మురుగా! నా కణ్ణే, నా తల్లే! కూచో, కూచో. పెనం నేను చూస్కుంటా."

పెనం తొమ్మిదేళ్ళలో మొదటిసారి చేతులు మారింది. చారులత సంగతేమిటో గ్రహించి నోరు తెరిచేలోపు అందులో చక్కెర పడింది.

"ఇంక మెట్లెక్కొద్దు. మేడా వద్దు, కెమెరా వద్దు."

గేటు చప్పుడైంది. అత్త కొడుక్కి ఎదురెళ్ళి వాకిట్లోనే చెప్పేస్తోంది. ఆ సందులో చారులత మేడెక్కేసింది.

ప్రభాకరన్ వెనకే వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. మెట్ల తలుపు మూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవుర్ది?"

అతని వల్ల బిడ్డలు కలగరని నాలుగేళ్ళ కిందట డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. తిరిగి వస్తూ కారులో అతను, "అమ్మకు తెలీవద్దు చారూ, తాళలేదు" అన్నాడు. ఆమె ఒప్పుకుంది. ఆ తర్వాత కూడా పాలూ, కొంగూ, పళని మెట్లూ ఆమెవే. అతను పున్నమి రోజుల్లో కాస్త ఆలస్యంగా వస్తాడు, అంతే. ఆ మనిషి అడిగిన మొదటి మాట ఇది. నిజమా అని కూడా కాదు.

ఆమెకు నవ్వొచ్చింది.

"ఆకాశంది. నెలని మబ్బు కప్పె. తప్పిందంటి. మీ అమ్మ వేరే నెల అనుకునిరి."

అతను పెద్ద ఊపిరి వదిలాడు. "అంతేనా! సరి, దిగొచ్చి లెక్క తప్పితినని చెప్పెయ్. అమ్మ నాలుగు మాటలంటాది, పట్టించుకోవద్దు."

అడిగిన మాటకు సిగ్గేమైనా ఉందేమోనని ఆమె అతని ముఖం వెతికింది. అక్కడ తేలికపడ్డ మొగుడు తప్ప ఎవరూ లేరు.

మబ్బు జరిగింది. చారులత మొగుణ్ణి కూడా చేత్తో కాస్త పక్కకు జరిపి, చక్రం తిప్పి వెలుగు బాగా తగ్గించి, ఊపిరి బిగబట్టి నొక్కింది. మచ్చలతో, గుంటలతో, గీసినట్టున్న అంచుతో చంద్రుడు తెర నిండా దిగాడు. చాలాసేపు చూసుకుంది.

"చారూ, అమ్మ కాచుకోని ఉండాది."

"మీరు దిగండి," అంది కెమెరా మీంచి కన్ను తీయకుండా. "నెల తప్పలేదని చెప్పండి. ఎందుకు తప్పదో కూడా చెప్పండి. నేనింకో నాలుగు తీసుకోని వస్తా. అప్పటికి మీరు చెప్పకుంటే, నేను చెప్తా."