చెమర్చిన బెల్లము

వైశాఖమాసము. పొద్దు బారెఁడెక్కకమునుపే ప్రచండభానుఁడు అనకాపల్లి పట్టణమును బెనముపైఁ బెట్టెను. శారదానది యిసుకతిన్నెల నడుమ వెలిసిపోయిన జరీపోగువలె సన్నగిల్లి పాఱుచుండ నఱకివేసిన చెఱకుతోటలు మోళ్ళతో బోడితలలై నిలిచియుండ బెల్లపుమండీల ముంగిట దిమ్మలపైఁ గప్పిన గోనెపట్టాలనుండి వెలువడు మధురగంధము వడగాలితోఁ గలసి వీధివీధికిని విందు చెప్పుచుండ నా విందునకుఁ బిలువని పేరంటములై యీఁగలును జీమలును బంతులు తీర్చి బయలుదేఱు నవ్వేళ గవరపాలెములోని యొక పెంకుటింటి వాకిట నిలిచి మండీదళారి విల్లూరి గౌరునాయుఁడు ఫోను చెవికిఁ జేర్చి దిక్కులు పిక్కటిల్ల నఱచుచుండెను.

“వారంటీ ఉందయ్యా! వారంటీ ఉన్న బండికి నన్ను ఇన్నేసి మాట్లు తిప్పుతారేటి? వస్తన్నాను ఉండు, ఇయ్యాల తేల్సుకునే ఎల్తాను!”

అరుగుపైఁ గూర్చుండి చింతపండు గింజలు దీయుచున్న మేనత్త చినతల్లమ్మ వృద్ధురాలు. ఆమె చెవులు వారమునఁ గొన్నినాళ్ళు మాత్రమే కొలువు సేయును, తక్కిననాళ్ళు సెలవు. నాఁడు సెలవుదినము. వారంటీ యను మాట యామె కర్ణరంధ్రమునఁ బ్రవేశించి లోపలఁ గూర్చుండునప్పటికి వారెంటై వేషము మార్చుకొనియుండెను. నాయుఁడు ఆటో నెక్కి వీధిమలుపు దాఁటకమునుపే యామె చింతపండుగంప విడిచి గుండెలు బాదుకొనుచుఁ బొరుగువాకిట నిలిచెను.

“ఓలమ్మో, మా గౌరునాయుడి మీద వారెంటొచ్చిందంట! తిప్పుతన్నారంట! సీమకి కూడా అపకారం సెయ్యని గుంటడే!”

ఆ యార్తనాదము మండీవీధికిఁ జేరుటకు నాయుని యాటో బండ్ల షోరూమునకుఁ జేరుటకంటెఁ దక్కువకాలమే పట్టెను.

ఈ కోలాహలమునకెల్ల మూలము గౌరునాయుఁడు ఉగాదిముందటి కొత్తమావాస్యనాఁడు కొనిన క్రొత్త మోటారుసైకిలు. కాటుకకొండవలె నల్లనై పసిఁడిగీఁతలచే మెఱయు నా వాహనము నెక్కి యాతఁడు మండీకి విచ్చేయునపుడు వేలముపాట సయిత మొక గ్రుక్కెఁడు మ్రింగి యాఁగుచుండెను. మఱి గౌరునాయుఁడు సామాన్యుఁడా? బెల్లపుదిమ్మపై బొటనవ్రేలు నొక్కి కొంచెము గిల్లి నాలుకకొసకుఁ దాఁకించి ‘ఇది సెమర్సదు’ అనెనా, కొనువారు కన్నులు మూసికొని కొనుచుండిరి. తేమగాలికిఁ గరఁగి నీరుగాఱు దిమ్మ యేదో శిలవలె నిలుచు దిమ్మ యేదో చెప్పుటయే యాతని విద్య, అదియే పరువు, అదియే బ్రతుకుఁదెరువు.

అతని తండ్రి యెడ్లబండి కొన్ననాఁడు ఆ యేఁటి తొలిదిమ్మనుండి పిడికెఁడు ముక్క దీసి గ్రామదేవత నూకాలమ్మకు నివేదించి పసుపుబట్టలో మూటగట్టి బండితొట్టిలో దాఁచియుండెను. బండి పాతికయేండ్లు చెక్కుచెదరలేదు. ఆ యింటియాచారముఁ దప్పింపనొల్లక నాయుఁడును దానే యేఱిన దిమ్మనుండి ముక్క దీసి నివేదన చేయించి యా మూటను మోటారుసైకిలు సీటుక్రింద తీఁగలెల్ల వచ్చి ముడివడు చోట భద్రముగా నిమిడ్చెను. ఎడ్లబండికిఁ దీఁగలు లేవను సంగతి యాతనికి స్ఫురింపలేదు.

నెల తిరుగకమునుపే వాహనమునకు విద్యుద్వికారములు పొడసూపెను. తొలుత మలుపుదీపములు తమంత తాము వెలిఁగి యాఱుచు నెదుట వచ్చు స్త్రీజనమునకెల్లఁ గన్ను గీటఁజొచ్చెను. గీటినది బండియే యైనను దిట్లు నాయునికే దక్కెను. షోరూమువారు బాగు చేసి యిచ్చిరి. అటుపిమ్మట నొక సాయంకాలము యలమంచిలి త్రోవలో ముందుదీపము కొండెక్కెను. దరిదాపులఁ గొండయే లేదు. మరల బాగు చేసిరి. కడపట నొక తోటిదళారి తండ్రి పెద్దకర్మమునాఁడు బంధువులెల్లరుఁ దలలు వంచి మౌనముగా నిలిచియుండఁగా వాకిట నున్న యా వాహనపు హారను మూఁగనోము విడిచి పెండ్లిబాజావలె మ్రోఁగఁజొచ్చి తాళము దీసినను మానదయ్యె. పిండము పెట్టుచున్న కొడుకు వెనుదిరిగి చూచిన చూపును నాయుఁ డీ జన్మమున మఱువఁజాలఁడు.

బండిని షోరూమున కప్పగించునపుడెల్ల నాయుఁడు ముందుగాఁ బసుపుమూటను బైకిఁ దీసి కన్నుల కద్దుకొని విప్పి చూడకయే యింట నుంచుచుండెను. బండి తిరిగివచ్చినతోడనే మూట తిరిగి యథాస్థానముఁ జేరుచుండెను. గ్రీజుచేతులు ప్రసాదమును ముట్టరాదు గదా! అందువలన మెకానికు పైడిరాజునకు సీటుక్రిందఁ గనఁబడినవి జిగటయుఁ జీమలును మాత్రమే. అతఁడు నోటిదురుసు గలవాఁడైనను బనియందు శ్రద్ధ గలవాఁడు. వచ్చినప్పుడెల్ల నడుగుచునే యుండెను.

“బాబూ, సీటు కింద తీపి సరుకేటైనా ఎడతన్నారేటి? సీమలు జాతర సేస్తన్నాయి.”

“బెల్లం అమ్మిస్తాను గానీ బండికి మేపనొరే!”

ఇది యబద్ధమని నాయుఁ డెఱుఁగఁడు. అమ్మవారి ముందుఁ బెట్టకమునుపు బెల్లము బెల్లమే. పెట్టినపిమ్మట నది ప్రసాదము. ప్రసాదమును సరుకనుట నాయుని మతమునఁ బాపము. ఆ పాపభీతియే తక్కిన పాపమునకెల్ల వాకిలి తెఱచెను.

నాఁడు బండి చేతికి వచ్చునను నాసతో మూటను జొక్కాజేబున నిడుకొని నాయుఁడు షోరూము మేనేజరు గదిలోఁ బ్రవేశించెను. పైడిరాజు గోడకుఁ జేరి నిలిచియుండెను.

“ఈడి సెయ్యి ఇంక నా బండి మీద పడకూడదు! ఈడుంటే మా మండీలో ఒక్క దళారీ మీ గుమ్మం తొక్కడు. సావింట్లో నా పరువు తీసేడండీ!”

“బండికి నోరుంటే అదే సెప్పును బాబూ,” అనెను పైడిరాజు. “ఉన్నది హారనొక్కటే. అదేమో అడక్కుండానే సెప్తంది.”

మేనేజరు నవ్వలేదు. తీఁగలముళ్ళు సరిగా మూయనందువలననే చీమలు దూఱుచున్నవని యాతఁడు ముందే నిశ్చయించుకొనియుండెను. పండుగలకుఁ బదిబండ్లు కొను దళారుల నలుగఁజేయుటకంటె నొక్క మెకానికును సాగనంపుట సులువు. “పైడిరాజూ, ఈ బండి బాగుచేసి సాయంత్రం నాయుడుగారింట్లో ఇచ్చెయ్యి. రేపటినుంచి రానక్కర్లేదు,” అని యతి శాంతముగాఁ బలికెను.

ఇంతవఱకును గౌరునాయునికి జీమ కుట్టినట్లయిన లేదు. ఇప్పుడు నిజముగనే జీమ కుట్టెను. ఒకటి గాదు. ఎదఱొమ్ముపైఁ బదిచోట్ల నిప్పులు రాలినట్లైనది. ఉలికిపడి జేబునఁ జేయి పెట్టఁగా మూట తడిసి వ్రేళ్ళకు జిగటగా నంటుకొనెను. బైకిఁ దీసి చూచెను. పసుపుబట్ట పాకమునఁ దడిసి గోధుమవన్నె దేఱియుండెను. దాని మడతలో జచ్చిన చీమల నడుమ నొక యెఱ్ఱతీఁగయొక్క పైతొడుగు పొట్టువలె రాలి యతుకుకొనియుండెను.

నాయునికి సర్వమును దెలిసెను. తానేఱిన దిమ్మ చెమర్చెను. చెమర్చి తీఁగలలోనికిఁ గాఱెను. కాఱినదానికి జీమలు వచ్చెను. ఆ వెనుక నీ పైడిరాజు వచ్చెను, ఇప్పుడు పోవుచుండెను.

“ఇంకేమైనా ఉందా నాయుడుగారూ?” అని మేనేజరడిగెను.

నాయుఁడు నోరు తెఱచెను. ‘నా బెల్లం సెమర్సింది’ యను మాటలు నాలుకపైఁ బడినవి. కాని యా మాటలే మఱునాఁడు మండీలో మాఱుమ్రోఁగుటయు దిమ్మలచుట్టు మూఁగిన వర్తకులు తనవైపుఁ జూచి ముసిముసి నగుటయు నాతని కనులఁ గట్టెను. మూటను మెల్లగా జేబునకుఁ జేర్చి “ఏటీ లేదు,” అనెను. లోకమున బెల్లము కొట్టిన ఱాయివలె నుండుటయన నేమో యా బెల్లపుదళారికి నాఁడే యనుభవమునకు వచ్చెను.

గదినుండి వెలికి వచ్చునపుడు పైడిరాజు తలుపు తీసిపట్టి తొలఁగి నిలిచెను. ఆ మర్యాద చీమలకంటెఁ దీక్ష్ణముగాఁ గుట్టెను.

నాఁ డతఁడు మండీకిఁ బోలేదు, ఇంటికిని బోలేదు. నదియొడ్డునఁ గానుగపాకయొక్క నీడలోఁ గూలఁబడి తనలోఁ దాను వాదించుకొనెను. షోరూము పెద్దది, వేఱొకచోటఁ బని దొరకదా యని యొకమాటు; దొంగతనము చేసితినా, మ్రొక్కు చెల్లించితిని గదా యని వేఱొకమాటు. ఏ వాదమును నిలువలేదు. దళారికి బేరము తెలియును. మనస్సాక్షితోడి బేరమునఁ గొనువాఁడును నమ్మువాఁడును దానే యగుటచే నెంతకుఁ దెగఁగొట్టినను నష్టము తన యింటికే వచ్చుచుండెను. మూటను నదిలో విసరుటకుఁ జేయి యెత్తెను. ఎత్తి మరల దించెను. ఒకఁడు బ్రతుకుఁదెరువుఁ గోల్పోవుచుండ నిజమును నీటఁ గలుపుట కా చేయి యొప్పుకొనలేదు.

ప్రొద్దు వాలునపుడు తలవంచుకొని తన వీధిలోఁ బ్రవేశించిన నాయుఁడు తలయెత్తి చూచి కొయ్యబాఱెను. వాకిట జనము. మండీయంతయు నచ్చటనే యుండెను. ముందు వరుసలో దళారులకెల్లఁ బెద్దయైన కాండ్రేగుల నూకరాజు గంభీరముగా నిలిచియుండెను. అందఱకును దెలిసిపోయినదని నాయుఁడు జేబుపైఁ జేయి గప్పెను.

“రా నాయుడూ, బయపడకు,” అనెను నూకరాజు. “మాకంతా తెలిసింది.”

“మీకెవరు సెప్పేరు?”

“మీ అత్తే సెప్పింది.”

“ఆవిడికెలా తెలిసింది?”

“ఎలాగైతే ఏటి? నువ్వు తప్పు సేసే మనిషివి కావు. ఏ కోర్టులోనైనా మేం సాక్ష్యం సెప్తాం. నువ్వన్నమాట ఏనాడు తప్పింది? నువ్వు సెమర్సదంటే సెమర్సదు!”

చుట్టు నున్నవారు “అదీ మాట!” అనిరి. ఆ ప్రశంస విని నాయుఁడు చెంపదెబ్బ తిన్నవానివలె గోడ నానుకొనెను. కోర్టు ప్రసక్తి యేల వచ్చెనో యాతనికి బోధపడలేదు.

అప్పుడే పైడిరాజు మోటారుసైకిలు నడుపుకొని వచ్చి వాకిట నాఁపెను. హాండిలుకు నిమ్మకాయయుఁ బచ్చిమిరపకాయలును గ్రుచ్చిన దండ వ్రేలాడుచుండెను.

“తీగలన్నీ కొత్తయి ఏసేను బాబూ. ఇది మా ఆవిడ కట్టిచ్చింది. దిష్టేటైనా ఉంటే పోతాదని. రేపట్నుంచి నాను ఉండను గదా, మీరు మళ్ళీ ఇబ్బంది పడకూడదు.” తాళపుచెవి చాఁచుచు మెల్లగా ననెను. “నా తప్పేటో నాకు తెల్లేదు. మీకు తెలిస్తే సెప్పండి. ఇంకో కాడ సెయ్యకుండా ఉంటాను.”

నాయుఁడు తాళపుచెవి నందుకొనలేదు. జేబునఁ జేయి పెట్టి మూటను దీసి యరుగుపై నుంచి ముడి విప్పెను. పాకము జాఱి యరుగంచునుండి బొట్లుబొట్లుగా నేలపైఁ బడెను. నూకరాజు చిరకాలాభ్యాసముచే నొక వ్రేలు చాఁచి గిల్లి నాలుకకుఁ దాఁకించుకొని నొసలు చిట్లించెను.

“సెమర్సిపోయింది. ఎవుడేరేడీ దిమ్మ?”

“నానే.”

నాయుఁడు మూట కథ మొదలంటఁ జెప్పెను. పైడిరాజు ముఖము మొదట వెలవెలఁబోయి పిమ్మట జేవుఱించెను.

“వచ్చినప్పుడల్లా అడిగేను గదా బాబూ!”

“అడిగేవు. పెసాదమనుకున్నాను, బెల్లమనుకోలేదు.”

“సీమలకి ఆ తేడా తెల్దు గదా!”

ఎవ్వరో కిసుక్కున నవ్విరి. పైడిరాజు నవ్వలేదు. “పోనీ, తెలీక సేసేరు. ఇప్పుడేగా తెలిసింది?”

ఇచ్చటఁ దలయూఁచినఁ జాలును. పరువు సగమైన దక్కును. నాయుఁడు కన్నులెత్తి పైడిరాజును సూటిగాఁ జూచెను.

“కాదు. ఆ మేనేజరు గదిలోనే తెలిసింది. ఆయన నిన్ను రావద్దన్నాక తెలిసింది. నోరిప్పలేదు. బెల్లం తెలీక పాడైంది, నాను తెలిసే పాడయ్యేను.”

పైడిరాజు తాళపుచెవిని బిడికిట బిగించి “ఇక్కడ సెప్తే నా కడుపు నిండదు. అక్కడ సెప్పండి,” అనెను.

నాయుఁడు ఫోను దీసి యుదయమున నిలిచిన చోటనే నిలిచి యుదయమున నఱచినట్లే యఱచెను. మెల్లగాఁ జెప్పుట యతనికి రాదు. వచ్చినను నాఁడు చెప్పఁడు. తప్పు తనదని, మూట తనదని, పైడిరాజు పనిలో వేలెత్తి చూపఁదగిన దేదియు లేదని, అతఁడు మరలఁ బనిలోఁ జేరువఱకును దానా గుమ్మమునఁ గూర్చుందునని చెప్పెను. అవతలనుండి మేనేజరు కొంత తడవు గొణిగి పైడిరాజును మఱునాఁడు రమ్మని పలికి, కాని సీటుక్రింద బెల్లము కాఱిన బండికిఁ గంపెనీ బాధ్యత వహింపదని యాఖరుమాటగాఁ జెప్పెను.

“లేదు! వారంటీ లేదు! ఒప్పుకున్నానయ్యా, వారంటీ లేదు!” అని నాయుఁడు వీధి యదరునట్లు కేక పెట్టెను.

ద్వారబంధము నానుకొని యున్న చినతల్లమ్మ రెండుచేతులు జోడించి యాకసమునకు మ్రొక్కెను. “అమ్మ నూకాలమ్మా! వారెంటు లేదంట! గుంటడు బతికేడు!”

వారెంటేమని నాయుఁ డడిగెను. వారంటీ యేమని నూకరాజడిగెను. ఇరువురును నొకరి మొగ మొకరు చూచుకొనిరి. కోర్టు సాక్ష్యముల రహస్య మప్పుడు బయలఁబడి వీధి యంతయు విరగఁబడి నవ్వెను. పైడిరాజును దుదకు నవ్వెను. అతఁడే వృద్ధురాలి చెవికడ నోరుంచి వారెంటు వేఱు వారంటీ వేఱు అని వివరించెను. ఆమె సాంతము విని తల పంకించి మేనల్లునివైపుఁ జూచెను.

“అయితే పోలీసులు రారన్నమాట. మరి ఇంటికొచ్చినకాడ్నుంచీ ఆడి మొకం అలాగెందుకున్నాదిరా?”

వస్తువునకు హామీ నిచ్చువా రీ లోకమున గలరు. మనుజుని మాటకు హామీ యాతఁడే. అది యొకమాటు చెమర్చెనేని ప్రసాదమను పేరు సయితము దానిని గాపాడఁజాలదు. అరుగంచునఁ బడిన పాకపుబొట్ల కడకుఁ జీమలు బారుదీఱి వచ్చుచుండెను. గౌరునాయుఁ డా బారును దాఁటి పోవలసివచ్చి, క్రింద నొకటియు నలుగకుండఁ బాద మెత్తి దవ్వుగా వేసెను.