బట్ట తిరగేసి చూసిన మనిషి

"సముద్రం ఏడికి పోదు గని, ముందు ఆ జాకెట్ చేతులు కానియ్యి వాసవీ" అన్నాడు ఉమేష్, కారు నడుపుతూనే.

కొలంబోలో అద్దెకు తీసుకున్న కారు. ఆయన వైపు కిటికీ నిండా సముద్రం. నా ఒళ్లో మాత్రం జనగామ పెళ్లికూతురి జాకెట్టు. రింగుకు బిగించిన చేతిముక్క మీద పూసలు కుడుతూ, కుదుపు వచ్చినప్పుడల్లా సూది గుచ్చుకుంటుంటే, తలెత్తినప్పుడు దొరికినంత సముద్రాన్ని చూసుకుంటున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లకు మేమిద్దరమే బయటికి రావడం ఇదే మొదలు. బయల్దేరేటప్పుడు మా అత్తమ్మ సులోచన, కోడలి నసీబు మంచిగుంది, మొగడు విమానమెక్కిస్తుండు అని వాడంతా చెప్పుకుంది. నేనూ నమ్మాను. మా బట్టల దుకాణానికి వచ్చే జాకెట్ల మగ్గం పనంతా నాదే. ఎవరైనా అడిగితే ఉమేష్ "మా దగ్గర చేపిస్తం" అంటాడు. ఆ మాటలో నేనెక్కడున్నానో ఎంత వెతికినా కనపడను. మెడ నొప్పి అంటే అత్తమ్మ, ఇంట్ల కూసుండి కుట్టెటిదానికి నొప్పేంది అంటుంది.

గాల్ దాటాక వెలిగామలో ఒక ఇంటి ముందు ఉమేష్ తనంతట తానే కారాపాడు. నా మీద దయ కలిగిందనుకున్నాను. అరుగు మీద ఒక పెద్దామె, గుండుసూదులు గుచ్చిన దిండు ముందు కూర్చుని, దారం చుట్టిన చెక్క కండెలను అటూ ఇటూ మారుస్తూ లేసు అల్లుతోంది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆమె నా చేతిలోని ముక్క అందుకుని, మెరిసే పూసల వైపు చూడకుండా తిరగేసింది. వెనక ముడులను వేలితో తడిమి, నా ముఖం చూసి నవ్వింది.

నాకు ఏడుపొచ్చింది. మహబూబాబాద్‌లో మా పుట్టింటికి గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చి, నాకు సూది పట్టడం నేర్పిన సక్రి కూడా ముందు వెనకవైపే చూసేది. కుట్టిన చెయ్యి ఎనకనే కనవడతది బిడ్డా, అనేది. పెళ్లయ్యాక నా పనిని అట్లా తిరగేసి చూసినవాళ్లే లేరు. పెద్దామె పక్కన కూలబడ్డాను. ఆమె కండెలు నా చేతికిచ్చింది, తప్పినప్పుడల్లా చెయ్యి పట్టి సరిచేసింది. కాసేపటికి దారం ఎటు పోవాలో వేళ్లకు తెలిసిపోయింది. ఎన్నాళ్లకో నాకోసమని ఒకటి నేర్చుకున్నాను.

ఉమేష్ అంతసేపూ ఫోన్‌లో వీడియో తీశాడు. కారెక్కాక అన్నాడు: "మంచిగ చూసుకున్నవు గదా? నిన్ను తోల్కచ్చిందే గిందుకు. శ్రావణం పెళ్లిళ్లకు గీ లేసు మన దుకాణంల తప్ప జనగామల ఇంకేడ దొరకద్దు."

సముద్రం చూపించడానికి కాదన్నమాట. కళ్లూ వేళ్లూ అవసరమై, వాటితోపాటు నన్నూ తెచ్చాడు. దిగి ఎక్కడికి పోను? నా పాస్‌పోర్టు కూడా ఆయన సంచిలోనే ఉంది. జాకెట్టు ముక్క ఒళ్లో పెట్టుకున్నాను.

"నాకు పట్టువడలే" అన్నాను.

"ఇన్నేండ్ల సంది కుడుతున్నవు, గింత రాదా? ఉత్తగనే తెచ్చిన నిన్ను."

ఆ మాట పడ్డాను. పడి, చేతులు కొంగు కిందికి లాక్కున్నాను. అక్కడ నా వేళ్లు ఆమె నేర్పిన వరసను, ఎక్కడా తప్పకుండా, మళ్లీ మళ్లీ వేసుకుంటున్నాయి.