నలభై సెకన్ల హోరు

మా ఊరి మైదానంలో ఆడేది చేత్తో బంతి పట్టి ఆడే అమెరికా ఫుట్‌బాల్; అక్కడ అరవడానికి ఒక పద్ధతి ఉంది. బంతి అవతలివాళ్ల చేతిలో ఉంటే గొంతులు పగిలేలా అరవాలి. మనవాళ్ల చేతిలో ఉంటే కిమ్మనకూడదు. ఆట నడిపే కుర్రాడు పైకి లెక్క చెబుతాడు. ముందు వరసలోని ఐదుగురు ఆ లెక్క విని ఒక్కసారిగా కదలాలి. వినపడక ఎవడైనా ముందే కదిలాడా, శిక్షగా ఆ జట్టు ఐదు గజాలు వెనక్కి. మేం గెలిచిన ఆటల్లో సగం ఇలా గెలిచినవే.

ఆ పద్ధతి నడిపేవాణ్ణి నేను. పన్నెండేళ్లుగా, జనం కూర్చునే మెట్ల మొదటి వరసలో నిలబడి తెల్ల తువ్వాలు ఎత్తితే హోరు, దించితే నిశ్శబ్దం. ఆటకి ముందు మైకులో ప్రార్థన చేసేదీ నేనే. ఏ ఊరి పిల్లలకీ దెబ్బ తగలకూడదని అడుగుతాను. ఆమెన్ అన్న నోళ్లే మరు నిమిషంలో అనే మాటలు కూడా దేవుడికి వినపడతాయి కదా అని అప్పుడప్పుడు అనిపించేది. అనిపించినా ఊరుకునేవాణ్ణి.

ఆ శనివారం మధ్యాహ్నం పొరుగూరు మిల్‌గ్రోవ్‌తో ఆట. ఓడితే ఆ ఏడాదికి అంతే. మా అబ్బాయి వేడ్‌కి బడిలో అదే ఆఖరి ఏడు. మా జట్టు ముందు వరసలో ఎడమ చివర నిలబడేవాడు, డెబ్బై నాలుగో నంబరు. మిల్‌గ్రోవ్ ఆట నడిపేది టేట్ లూమిస్. మా ఊళ్లోనే పెరిగి, వేసవిలో వాళ్ల నాన్న ఇల్లు మార్చడంతో అటు పోయినవాడు. అది మా ఊరు క్షమించలేదు. నేనూ క్షమించలేదు.

"ఒరేయ్ టేట్! మీ నాన్న నిన్ను ఎంతకి బేరం పెట్టాడ్రా?" అని నా పక్కన బర్ల్ హాచర్ అరుస్తూనే ఉన్నాడు. ఉడికించిన వేరుశెనగ తొక్కలు టేట్ జట్టు బెంచీ మీద పడుతూనే ఉన్నాయి. ఆ బెంచీ సరిగ్గా మా మెట్ల కింద ఉంది.

ఆట ముగియడానికి ఇంకా నలభై సెకన్లున్నాయి. ఒక్క పాయింటు ముందు వాళ్లు. బంతీ వాళ్లదే. తువ్వాలు ఎత్తాను. కాళ్ల కింద రేకులు అదిరాయి. టేట్ ఎడమవైపు తిరిగి ఏదో చెప్పబోతుండగానే, అది వినపడక, ముందు వరస మధ్యలో ఉండి బంతి అందించే వాళ్ల కుర్రాడు దాన్ని ముందే వెనక్కి వదిలేశాడు. అది టేట్ భుజానికి తగిలి దొర్లింది. మావాడొకడు దాని మీద పడ్డాడు.

ఇక బంతి మాది. గోలు స్తంభాలు మావాడు తన్నగలిగే దూరంలో, సరిగ్గా అంతలోనే ఉన్నాయి. ఒకసారి బంతిని మధ్యకి తెచ్చి, గడియారం కరగనిచ్చి స్తంభాల మధ్యకి తన్నితే మూడు పాయింట్లు, గెలుపే. తువ్వాలు దించాల్సిన సమయం.

కానీ టేట్ వచ్చి బెంచీ మీద కూర్చుని మొహం కప్పుకున్నాడు. మెట్లన్నీ వాడి మీదికి వంగి "ద్రోహి! ద్రోహి!" అని ఊగిపోయాయి. నా చెయ్యి కిందికి రాలేదు. రాలేదు అనడం కూడా అబద్ధమే. ఇంకా పైకెత్తాను.

"ఏమండీ, దించండి! బంతి మనది!" అని మా ఆవిడ నడీన్ మోచెయ్యి పట్టి లాగింది.

"ఒక్క క్షణం ఆగవే."

మైదానంలో వేడ్ మావైపు తిరిగి రెండు చేతులూ కిందికి ఆడించాడు. చూశాను. అది నాకేనని తెలుసు. ఈల మోగింది, తప్పు జరిగిందని రిఫరీ పసుపు గుడ్డ విసిరాడు. ముందే కదిలాడట, డెబ్బై నాలుగు. ఐదు గజాలు వెనక్కి.

అప్పుడు దించాను. ఎవరూ చూడలేదు. వాళ్ల కళ్లు టేట్ మీదే ఉన్నాయి. రెండో ఈల మోగింది. మళ్లీ డెబ్బై నాలుగే. ఇక అంత దూరం నుంచి తన్నగలిగేవాడు మాకు లేడు. ఆఖరి క్షణాల్లో విసిరిన బంతి ఎవరికీ చిక్కక నేల మీద పడింది. ఆట అయిపోయింది.

హోరు ఒక్క క్షణం ఆగి మళ్లీ లేచింది. ఈసారి టేట్ మీద కాదు.

"డెబ్బై నాలుగూ! చెవుల్లో సీసం పోసుకొచ్చావట్రా?" నేను పక్కనే ఉన్నానని కూడా బర్ల్ చూడలేదు.

"వాడిది కాదు బర్ల్, నాది. తువ్వాలు నేను దించలేదు."

"పోవయ్యా, కొడుకుని వెనకేసుకురాకు."

తువ్వాలు విప్పి రెండు చేతులతో కిందికి ఊపాను. పన్నెండేళ్లు నా మాట విన్న జనంలో ఒక్కరు వినలేదు. వేడ్ తల వంచుకుని, బయటికి పోయే దారిలో, ఆ తిట్ల కిందనుంచే రావాలి. నేను కంచె దాటి కిందికి దిగాను. తొక్కలు నా టోపీ మీద కూడా పడ్డాయి. వాడి పక్కన నడుస్తూ చెప్పాను.

"తప్పు నాదిరా."

"ఏంటి నాన్నా? వినపడట్లేదు."

ఇంకా గట్టిగా చెప్పాను.